కూచిపూడి డ్రెస్ ఇంట్లోనే కుట్టుకోవాలంటే: కొలత అరమండిలో తీయండి

పిల్ల నిటారుగా నిలబడినప్పుడు డ్రెస్ చక్కగానే ఉంటుంది. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమలో కూర్చోగానే తొడల దగ్గర పట్టేస్తుంది, చేతులు చాపగానే బ్లౌజు పైకి లేస్తుంది, రెండో జతి (తాళానికి వేసే అడుగుల వరస) పూర్తయ్యేలోపు పైట భుజం మీంచి జారడం మొదలవుతుంది. అద్దెకు తెచ్చిన వాటిలోనే కాదు, బోలెడు డబ్బు పోసి కుట్టించిన వాటిలోనూ ఇదే గొడవ. కారణం ఏంటంటే, కొలతలన్నీ మనిషిని నిలబెట్టి తీసి ఉంటారు. కూచిపూడి ఆడే మనిషి మోకాళ్ళు పక్కలకి వంచి, చేతులు భుజం ఎత్తున చాపి, గిర్రున తిరుగుతూ ఉంటుంది కదా, ఆ ఒంటికి కుట్టాలి డ్రెస్. ఇది బుర్రలో పెట్టుకుంటే మిగతా పనంతా మామూలు టైలరింగే.

మిషన్ మీద తిన్నగా ఒక కుట్టు వేయగలిగి, నాలుగు డాట్ల బ్లౌజు ఒకటైనా కుట్టినవాళ్ళ కోసం రాస్తున్నాను. అది కూడా రాకపోతే ముందు మీ వీధి టైలరింగ్ సెంటర్‌లో బ్లౌజు, చుడీదార్ ప్యాంటు నేర్చుకుని రండి, ఆ రెండూ వస్తే చాలు. కుట్టే ఓపిక లేదనుకునేవాళ్ళు, ముఖ్యంగా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఇక్కడి టైలర్‌కి వాట్సాప్‌లో కొలతలు పంపేవాళ్ళు, కొలతల భాగం ఒక్కటి చదువుకున్నా ఉపయోగపడుతుంది.

డ్రెస్‌లో ఏమేం ఉంటాయి

పూర్వం కూచిపూడి ఆడే భాగవతులు మగవాళ్ళే, వాళ్ళలో ఆడవేషం వేసేవాళ్ళు చీర కట్టుకునే ఆడేవాళ్ళు. ఇప్పుడు మనం వేసుకునేది ఆ కట్టునే ముక్కలు చేసి కుట్టిన రూపం. పైజమా, దాని ముందు విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్ళ ముక్క (దీన్నే ఫ్యాన్ అంటాం), వెనక కచ్చ, నడుము నుంచి పిరుదుల మీదకి వచ్చే సీటు పీసు, బ్లౌజు, పైట. మొత్తం ఆరు. భరతనాట్యం డ్రెస్‌లో రకరకాల కోతలు, చిన్న చిన్న ఫ్యాన్లు చాలా కనిపిస్తాయి, మన దాంట్లో ఎక్కువగా ముందు ఒకటే పొడవాటి ఫ్యాన్ ఉంటుంది, దాని వల్ల చీర కట్టిన భావం పోదు. అందుకే ఆ ఒక్క ఫ్యాన్ బాగా కుదిరితే డ్రెస్ కుదిరినట్టే, అది వంకరపోతే ఎంత ఖరీదు చీరైనా దండగ.

చీర ఎంచుకోవడం

మొదటి డ్రెస్‌కి పట్టుచీర కోయకండి. అమ్మ పెళ్ళి చీర అసలే వద్దు. సెంటిమెంట్ సంగతి పక్కన పెట్టినా, ఏళ్ళ తరబడి మడతలో ఉన్న పట్టు ఆ మడత గీత వెంబడే పిగులుతుంది. చీరని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని మడతలు చూడండి, సన్నటి చీలికలు కనిపించినా, రెండు చేతులతో మెల్లగా లాగితే పటపటమన్నా అది ఆటకి పనికిరాదు. అరమండిలో పడే లాగుడు మామూలుగా ఉండదు. అలాంటి చీర మీద మమకారం ఉంటే దాని అంచు విప్పి కొత్త గుడ్డకి వేసుకోండి, లేదా లాగుడు పడని పైటకి మాత్రం లైనింగ్ వేసి వాడుకోండి.

మొదటిసారికి మంచిది ఆర్ట్ సిల్క్. బరువు తక్కువ, ఇస్త్రీకి మడత నిలుస్తుంది, చెమట పట్టినా మచ్చ తొందరగా పడదు. చేయి తిరిగాక పట్టుకి రండి. ధర్మవరం పట్టుకి పెద్ద అంచు, బరువైన కొంగు ఉంటాయి కాబట్టి ఫ్యాన్‌కి ఠీవి వస్తుంది, కానీ చిన్నపిల్లలకి ఆ బరువు ఎక్కువ. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. చెమట పీల్చుకుంటుంది, స్టేజి మీద చూడటానికి పట్టులాగే ఉంటుంది, నాకైతే ఎండాకాలం ప్రోగ్రాములకి ఇంతకన్నా మంచిది కనబడలేదు. అయితే నూలు ఒంటికీ పట్టు అంచుకీ మధ్య కలిపిన గీత దగ్గర ఇస్త్రీ జాగ్రత్తగా చేయాలి, రెండూ ఒకేలా ముడుచుకోవు. వెంకటగిరి మెత్తగా, పల్చగా ఉంటుంది, లైనింగ్ లేకుండా ఫ్యాన్ నిలబడదు. పోచంపల్లి ఇక్కత్ చూడముచ్చటగా ఉంటుంది గానీ, కుచ్చిళ్ళు పెట్టేసరికి ఆ డిజైన్ ముక్కలైపోతుంది, కాబట్టి ఇక్కత్‌ని బ్లౌజుకో సీటు పీసుకో వాడితే అందం తెలుస్తుంది. ఉప్పాడ జామ్దానీ మాత్రం డ్యాన్స్‌కి నేను వద్దనే చెప్తాను. పువ్వుల దారాలకి గజ్జెలో, ఆభరణాల కొక్కేలో తగులుకుంటే లాగేస్తాయి.

కొనేటప్పుడు చూడాల్సినవి: రెండు పక్కలా అంచు ఉందా, ఒళ్ళంతా బుటాలు ఒకే వైపు తిరిగి ఉన్నాయా (అలా ఉంటే ముక్కలు తలకిందులు చేసి కోయలేం), పొడవు 5.5 మీటర్లు పూర్తిగా ఉందా, బ్లౌజు ముక్క దాంట్లోనే కలిసి ఉందా విడిగానా. గుడ్డని అక్కడే పిడికిట్లో నలిపి వదలండి. మడత గట్టిగా నిలిచే గుడ్డ ఫ్యాన్‌కి బాగుంటుంది, జారిపోయే సాటిన్ లాంటిది ఎంత ఇస్త్రీ చేసినా విచ్చుకుపోతుంది. విజయవాడ వస్త్రలతలోనో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో ఒక పూట తిరిగితే గుడ్డ, అంచు లేసులు, లైనింగ్ అన్నీ దొరుకుతాయి. ఆభరణాలకి మాత్రం చెన్నై మైలాపూర్ వెళ్ళే అవకాశం ఉంటే వెళ్ళండి, డ్యాన్స్ సెట్లు అక్కడ దొరికినన్ని రకాలు వేరే చోట నేను చూడలేదు. డ్రెస్ కుట్టకముందే వడ్డాణం, హారం చేతిలో ఉంటే మెడ లోతు, నడుము పట్టీ వెడల్పు వాటిని బట్టి పెట్టుకోవచ్చు.

సామాను

మామూలు కాలి మిషన్ చాలు. పట్టుకి 11 నంబరు సూది, ఆర్ట్ సిల్క్ ప్లస్ లైనింగ్‌కి 14, నడుము పట్టీలో కాన్వాస్ మీద కుట్టేటప్పుడు 16. మొద్దుబారిన సూది పట్టుని ఈడుస్తుంది కాబట్టి కొత్త డ్రెస్‌కి కొత్త సూది వేయండి. లాగుడు పడే కుట్లకి పాలియెస్టర్ దారం, నూలు దారం చెమటకి నాని తెగుతుంది. లైనింగ్‌కి టూ బై టూ గానీ పాప్లిన్ గానీ తీసుకుని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కోయాలి. ఇది మానేస్తే మొదటి ఉతుకులోనే లైనింగ్ కుంచించుకుపోయి పైన పట్టు ఉబ్బిపోతుంది. సుద్ద, టేపు, గుండుసూదులు, పిన్నీసులు, హుక్కులు, బొందు, కొంచెం బక్రం (లోపల బిగువు కోసం వేసే గట్టి గుడ్డ), నాలుగు మీటర్ల కోరా గుడ్డ. కోరా గుడ్డ ఎందుకో కింద చెప్తాను.

కొలతలు, అరమండిలో

బిగుతుగా ఉండే లెగ్గిన్స్, టీషర్ట్ వేసుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని నిలబడమనండి. గజ్జెలు కట్టకుండా పైజమా పొడవు తీయొద్దు, ఎందుకంటే పైజమా అంచు గజ్జెల పట్టీకి సరిగ్గా పైన ఆగాలి. దాని మీదకి వస్తే అడుగు వేసినప్పుడల్లా కొక్కెం పట్టుకుంటుంది.

నడుము చుట్టూ ఒక సన్నని తాడు కట్టండి, వడ్డాణం వచ్చే చోట. నిలువు కొలతలన్నీ ఆ తాడు నుంచే. ముందు నిలబడి ఛాతీ, నడుము, పిరుదుల చుట్టు, తొడ చుట్టు, మోకాలి చుట్టు తీసుకోండి. తర్వాత అరమండిలో కూర్చోమనండి, పూర్తిగా, క్లాసులో టీచర్ ముందు కూర్చున్నట్టు. ఇప్పుడు పిరుదులు, తొడ మళ్ళీ కొలిస్తే రెండూ పెరిగి ఉంటాయి. రాసుకునేది ఈ పెద్ద అంకెలే. పక్క నుంచి తాడు దగ్గర మొదలుపెట్టి, వంగిన మోకాలి మీదుగా గజ్జెల దాకా కొలవండి, ఇది పైజమా పొడవు. ముందు తాడు నుంచి కాళ్ళ మధ్యగా వెనక తాడు దాకా ఇంకో కొలత తీయండి. మామూలు టైలర్లు ఈ కొలత తీయరు, డ్రెస్ పట్టేసేది కూడా సరిగ్గా ఇక్కడే.

తర్వాత ఫ్యాన్ కొలత. అరమండిలోనే ఉంచి, ఒక కాలి లోపలి వైపు చీలమండకి నాలుగైదు అంగుళాల పైన వేలు పెట్టండి, అక్కడి నుంచి ఇంకో కాలికి అదే ఎత్తు దాకా టేపుని బిగించకుండా కొంచెం వేలాడేలా పట్టుకుని చూడండి. పెద్దవాళ్ళకి ఇంచుమించు 30 నుంచి 36 అంగుళాలు వస్తుంది. ఫ్యాన్ కింది భాగం విచ్చుకోవాల్సిన వెడల్పు అది.

బ్లౌజుకి చేతులు రెండూ భుజం ఎత్తులో చాపించి, మోచేతులు దించకుండా వెనక వీపు వెడల్పు కొలవండి, తర్వాత చేతులు ఛాతీ ముందుకి తెప్పించి మళ్ళీ కొలవండి. రెంటికీ తేడా గమనిస్తే బ్లౌజులు వెనక చంక దగ్గరే ఎందుకు పిగులుతాయో అర్థమవుతుంది. భుజం నుంచి బ్లౌజు పొడవు కూడా చేతులు ఎత్తించే తీయాలి.

కోరా గుడ్డతో నమూనా

చీర మీద కత్తెర పెట్టే ముందు పైజమా, బ్లౌజు రెండూ కోరా గుడ్డతో పెద్ద కుట్లు వేసి ఒకసారి నిలబెట్టండి. లైనింగ్ వద్దు, హుక్కులు వద్దు, పిన్నీసులు చాలు. అది వేయించి డ్యాన్స్ అడుగులు వేయించండి, కాళ్ళు చాపించండి, కిందకి కూర్చోబెట్టండి. ఎక్కడ గుడ్డ బిగుసుకుని గీతలు పడుతోందో అక్కడ చాలడం లేదని, ఎక్కడ మూటలా ఉబ్బుతోందో అక్కడ ఎక్కువైందని అర్థం. సుద్దతో దాని మీదే గీసి, విప్పేసి, ఆ ముక్కల్నే కటింగ్‌కి అచ్చుగా వాడుకోండి. ఒక పూట పని ఎక్కువైనా, చీర చేతిలోకి తీసుకున్నప్పుడు టెన్షన్ ఉండదు.

చీరని పంచుకోవడం

5.5 మీటర్లంటే 216 అంగుళాలు, వెడల్పు 45 దాకా ఉంటుంది. పెద్దవాళ్ళ డ్రెస్‌కి నేను పంచుకునే లెక్క ఇది. పైజమా కాళ్ళు రెండింటికీ కలిపి 60 అంగుళాల దాకా, చీర వెడల్పే కాలి పొడవు అయ్యేలా, అంచు చీలమండ దగ్గరకి వచ్చేలా. ఫ్యాన్‌కి 54. పైటకి కొంగు వైపు నుంచి 45. కచ్చకి 25. సీటు పీసుకి విడిగా గుడ్డ అక్కర్లేదు, ఫ్యాన్ పొడవు 34 అంగుళాలు పోగా దాని పైన 11 అంగుళాల వెడల్పున పట్టీ మిగులుతుంది, పై అంచుతో సహా, అదే సీటు పీసు. మొత్తం 184 అయింది, మిగిలిన 32 అంగుళాలు బ్లౌజుకి. పొడుగు మనిషై 45 అంగుళాల వెడల్పు కాలికి చాలకపోతే పైన నడుము దగ్గర నాలుగైదు అంగుళాలు లైనింగ్ గుడ్డే జోడించేయండి, సీటు పీసు కింద ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు.

కొంగు ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టం. బరువైన జరీ కొంగు ఉంటే చాలామంది దాన్ని ఫ్యాన్‌కి వాడతారు, కొంగు చివర కిందకి వచ్చేలా. అప్పుడు కుచ్చిళ్ళకి దొరికేది చీర వెడల్పు 45 అంగుళాలే, విచ్చుకుంటే 30 దాకా వస్తుంది, పిల్లలకీ సన్నగా ఉన్నవాళ్ళకీ సరిపోతుంది. మిగతావాళ్ళకి చాలదు, లాక్కొచ్చినట్టు ఉంటుంది. మొదటిసారి కుట్టేవాళ్ళు చీర ఒళ్ళు నుంచే అంచు కిందకి పెట్టి ఫ్యాన్ తీయడం తేలిక.

పైజమా

ముక్కలకి ముందే లైనింగ్ జత చేసి చుట్టూ పచ్చి కుట్టు (తర్వాత విప్పేసే పెద్ద కుట్టు) వేసి, ఆ రెండింటినీ ఒకే గుడ్డగా కుట్టండి. విడివిడిగా కుట్టి తర్వాత కలిపితే అరమండిలో లైనింగ్ ఒక దారి, పట్టు ఒక దారి పోతాయి. కాళ్ళు కలిసే చోట కింది దాకా దించేస్తే వదులుగా ఉంటుందనుకుంటారు, అది తప్పు. ఆ కలిసే చోటు ఎంత కిందకి దిగితే మోకాళ్ళు అంత తక్కువ విడిపోతాయి, ఎందుకంటే రెండు కాళ్ళనీ గుడ్డ కింది నుంచి కట్టేస్తుంది. ఒంటికి ఒకటి, ఒకటిన్నర అంగుళం వదులు చాలు. దానికి బదులు తొడల మధ్య వచ్చే చోట నాలుగైదు అంగుళాల నలుచదరపు ముక్క ఒకటి, క్రాస్‌గా కోసి, మూలలు ముందుకీ వెనక్కీ రెండు కాళ్ళ వైపుకీ వచ్చేలా పెట్టి కుట్టండి. అరమండి సుఖంగా రావడానికి ఇంతకు మించిన ఉపాయం లేదు. ఆ ముక్క చుట్టూ రెండు వరసల కుట్టు, అంచులకి జిగ్‌జాగ్ వేయాలి.

నడుముకి కాన్వాస్ పట్టీ, లోపల బొందు, పక్కన రెండు పెద్ద హుక్కులు. ఎలాస్టిక్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, వడ్డాణం బరువుకి కిందకి జారుతుంది. చీలమండ దగ్గర ఇరుకుగా ఉంటేనే అందం కాబట్టి లోపలి వైపు మూడంగుళాల చీలిక వదిలి హుక్కులు పెట్టండి, మడమ దూరాలి కదా.

పెరిగే పిల్లలకైతే పక్క కుట్ల లోపల ఒక్కో వైపు ఒకటిన్నర అంగుళం మిగులు ఉంచండి. పొడవు మిగులు మాత్రం పైన నడుము దగ్గర మడిచి దాచాలి, కింద దాచడానికి లేదు, అక్కడ అంచు ఉంటుంది. ఇలా కుడితే వచ్చే ఏడు కూడా అదే డ్రెస్ వస్తుంది. పిల్లలు ఎదుగుతున్నప్పుడు ఏటా కొత్త డ్రెస్ అంటే ఏ ఇంటికైనా భారమే, నేర్చుకోవాలన్న పిల్లని ఆ ఖర్చు ఆపకూడదని నాకు గట్టిగా ఉంటుంది, అందుకే మిగుళ్ళ విషయంలో ఇంత చాదస్తం.

ఫ్యాన్

ఇక్కడ తొందరపడొద్దు. అరమండిలో కొలిచిన వెడల్పుకి ఒకటిన్నర రెట్లు గుడ్డ కావాలి. 36 అంగుళాలు విచ్చుకోవాలంటే 54. అంతకన్నా తక్కువైతే అరమండిలో మడతలన్నీ చదునైపోయి కర్టెన్ గుడ్డలాగా సాగుతుంది, మరీ ఎక్కువైతే పూర్తిగా తెరుచుకోక నడిమధ్య గుత్తిలా వేలాడుతుంది.

పల్చటి గుడ్డైతే లైనింగ్ వేయండి. అంచు కట్టుదిట్టంగా ఉన్న చీరకి కింద మడిచి కుట్టే పని లేదు, దాని బరువే ఫ్యాన్‌ని కిందకి లాగి పెడుతుంది. ఇప్పుడు గుడ్డని నేల మీదో పెద్ద బల్ల మీదో పరిచి, పైనా కిందా సరిగ్గా మధ్య గుర్తు పెట్టండి. మధ్య నుంచి రెండు పక్కలకీ అంగుళానికో సుద్ద గీత, పై నుంచి కింది దాకా. చాలామంది ఒక చివర మొదలుపెట్టి ఇంకో చివరకి మడుచుకుంటూ పోతారు, అలా చేస్తే అంగుళంలో పావు వంతు తేడా కూడా పేరుకుపోయి చివరకి ఫ్యాన్ ఒక పక్కకి ఒరుగుతుంది. మధ్యలో ఒక పెట్టె మడత వేసి, కుడి వైపువన్నీ కుడికి, ఎడమ వైపువన్నీ ఎడమకి పెడితే ఫ్యాన్ తిన్నగా దిగుతుంది.

ఒక్కో మడతకీ పైనా మధ్యా కిందా గుండుసూదులు పెట్టి, పైన పల్చటి తడి నూలుగుడ్డ వేసి ఇస్త్రీ చేయండి. ఇస్త్రీపెట్టె రుద్దకూడదు, పెట్టి ఎత్తాలి. ఇప్పటి చీరల్లో చాలావాటిలో జరీ ప్లాస్టిక్ రకమే, వేడి ఎక్కువైతే ముడుచుకుపోతుంది, కాబట్టి ముందు ఒక మూల చూసుకోండి. పూర్తిగా ఆరాక సూదులు తీసి, మడతల మీద అడ్డంగా పెద్ద పెద్ద పచ్చి కుట్లు మూడు నాలుగు వరసలు వేసి, పాత పంచె ముక్కలో చుట్టి పరుపు కింద ఒక రాత్రి పెట్టండి.

పై భాగాన్ని మూడు నాలుగు అంగుళాల వెడల్పుకి దగ్గరగా పేర్చి, వెనక బక్రం ముక్క పెట్టి గట్టిగా కుట్టి, పైజమా ముందు నడుము పట్టీకి నడిమధ్యలో అతికించండి. పక్క అంచులు రెండూ కాళ్ళ లోపలి కుట్టుకి రావాలి, తొడ మధ్య నుంచి మొదలుపెట్టి ఫ్యాన్ చివర దాకా. ఇది నేరుగా మిషన్ మీద పెట్టేయకండి. డ్రెస్ వేయించి, అరమండిలో ఉంచి, పిన్నీసులతో పట్టించి, లేచి నిలబడ్డప్పుడు మడతలు వాటంతట అవే మూసుకుంటున్నాయా చూసి, రెండు కాళ్ళకీ ఒకే ఎత్తులో ఉందని టేపుతో సరిచూసుకున్నాకే చేత్తో కుట్టండి. కొందరు పక్కలకి చిన్న హుక్కులు పెట్టి ఫ్యాన్ ఊడివచ్చేలా చేస్తారు, మళ్ళీ ఇస్త్రీ చేయడానికి చాలా వీలు, రెండో డ్రెస్ నుంచి మీరూ అలా చేయొచ్చు.

తరంగం ఆడేవాళ్ళకి ఒక మాట. ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు పెట్టి కదలాలి కాబట్టి ఫ్యాన్ చివర ఇంకో రెండంగుళాలు పైకి ఉండాలి, కచ్చ కూడా అంతే. పళ్ళెం కింద గుడ్డ చిక్కుకుంటే పడిపోతారు. అందం కోసం ఇక్కడ రాజీ పడొద్దు.

కచ్చ, సీటు పీసు

కచ్చ అంటే వెనక చీర దోపినట్టు కనిపించే కుచ్చిళ్ళ ముక్క. ఫ్యాన్ పద్ధతే, చిన్నది, లాగుడు తక్కువ. పైన నడుము పట్టీకి, కింద మోకాలి దాకా ఒకటి రెండు చోట్ల కాడలు (కదలకుండా చేత్తో వేసే చిన్న కుట్లు) వేస్తే చాలు. సీటు పీసుకి వెనక వెడల్పుగా, ముందుకి వచ్చేసరికి సన్నంగా వంపు ఇవ్వండి, లైనింగ్ తప్పనిసరి, ముందు ఫ్యాన్ పై అతుకుని అది కప్పాలి.

బ్లౌజు

చంక లోతు పెంచితే చేయి బాగా లేస్తుందనుకోవడం కూడా పైజమా లాంటి పొరపాటే. చంక కిందకి దిగితే చేయి ఎత్తగానే బ్లౌజు మొత్తం దాంతో పాటు లేస్తుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉండాలి, చేతి ముక్క పైన ఉండే గుండ్రటి ఎత్తు తగ్గించి వెడల్పు పెంచాలి. చేతులు క్రాస్‌గా కోస్తే గుడ్డే కొంచెం సాగుతుంది, అంచుని విడిగా తీసి కింద వేసుకోండి. వెనక వీపు మీద చేతులు ముందుకి పెట్టి తీసిన కొలత వాడండి. పొడవు చీర బ్లౌజు కన్నా రెండంగుళాలు ఎక్కువ ఉంటే సీటు పీసు లోపలికి వెళ్ళి కూర్చుంటుంది.

హుక్కులు ముందు పెడితే పైట కింద దాగుతాయి, తనంతట తనే వేసుకోవచ్చు. ఒకదాని కొకటి అంగుళం, అంగుళంపావు దూరంలో, ఒకటి కుడివైపు నుంచి, తర్వాతది ఎడమవైపు నుంచి వచ్చేలా మార్చి మార్చి కుడితే గెంతినప్పుడు ఊడవు. చంక కింద లైనింగ్‌కి లోపల అరచేయంత నూలు ముక్క ఒకటి వదులుగా కాడలు వేసి పెట్టండి, చెమటంతా అది పీల్చుకుంటుంది, ప్రోగ్రాం అయ్యాక విప్పి ఉతుక్కోవచ్చు. పట్టు బ్లౌజు రంగు మారకుండా ఏళ్ళు ఉంటుంది.

పైట

మడతలు పెట్టి, భుజం దగ్గర బక్రం వేసి శాశ్వతంగా కుట్టేయడమే మంచిది. ఎడమ భుజం మీద రెండు హుక్కులు, కుడి నడుము దగ్గర మూడు, వెనక రెండు. మడతల లోపల ఆరంగుళాలకో కనిపించని కాడ వేయండి, లేకపోతే భ్రమరి తిరిగినప్పుడు విసనకర్రలా విచ్చుకుంటుంది. పైట వాలు కూడా చేతులు చాపించే సరిచూడాలి.

రంగులు

దుకాణంలో ట్యూబులైటు కింద నచ్చిన రంగు స్టేజి మీద అలాగే ఉండదు. ఎర్ర లైటు పడితే ఆకుపచ్చ నల్లగా అయిపోతుంది, నీలం లైటులో ఎరుపు చచ్చిపోతుంది. చీర ఒంటి రంగుకీ అంచు రంగుకీ తేడా ఎంత తెలుస్తుందో చూడాలంటే దాన్ని గోడకి వేలాడదీసి దూరం నుంచి ఫోన్లో ఫొటో తీసి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. అంచు, ఒళ్ళు రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి ఫ్యాన్ విచ్చుకున్నదే తెలియదు. మెరూన్ మీద నల్ల అంచు కన్నా మెరూన్ మీద పసుపు బంగారు అంచు నయం.

పాత్రని బట్టి కూడా ఆలోచించండి. కృష్ణుడంటే పీతాంబరం కాబట్టి పసుపు. సత్యభామకి గర్వం, ఠీవి కావాలి, ముదురు రంగుల మీద పెద్ద జరీ అంచు ఆమెకి సరిపోతుంది. ఆడవేషాలకి పేరుపడ్డ కూచిపూడి కళాకారులు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ వేషం ఫొటోలు దొరికితే చూడండి, జడ నుంచి పాదం దాకా ప్రతిదీ ఆ పాత్ర స్వభావాన్ని చెప్తుంటుంది. గ్రూపుకి కుట్టేటప్పుడు అందరికీ ఒకే రంగు కన్నా, ఇద్దరు ముగ్గురికి ఒంటి రంగూ అంచు రంగూ తారుమారు చేస్తే వరసలు మారినప్పుడు బాగా తెలుస్తుంది.

ట్రయల్, తర్వాత

ప్రోగ్రాంకి కనీసం వారం ముందు ఆభరణాలు, జడ, గజ్జెలు అన్నీ పెట్టించి ఐటెం మొత్తం పూర్తి వేగంతో ఆడించి వీడియో తీయండి. సగం ఐటెంకి చాలులే అని ఆపకండి, హుక్కులు ఊడేది, పైట జారేది చివర్లో చెమట పట్టాకే. వీడియోలో ఫ్యాన్ రెండు వైపులా సమానంగా తెరుచుకుంటోందా, మధ్యలో చేయి పైటని సర్దుకోవడానికి వెళ్తోందా చూడండి. చేయి ఒక్కసారి వెళ్ళినా అక్కడ ఇంకో హుక్కు కావాలి. కొక్కెం తగులుకునే చోట్లు కూడా అప్పుడే బయటపడతాయి.

గ్రీన్‌రూమ్ సంచిలో దారం ఎక్కించి పెట్టిన సూదులు, మూడు సైజుల పిన్నీసులు, పది హుక్కులు, ఇంకో బొందు, చిన్న కత్తెర.

ప్రోగ్రాం అయ్యాక డ్రెస్ మూటగట్టి బ్యాగులో పడేయొద్దు. ఇంటికి రాగానే తిరగేసి నీడలో, కరెంటు ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. ఎండలో వేస్తే పట్టు రంగు వెలుస్తుంది. ఆర్ట్ సిల్క్‌ని లైనింగ్ వైపు చన్నీళ్ళతో తుడిచి ఆరేయొచ్చు, పట్టుని డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాలి, ఇచ్చే ముందు ఫ్యాన్ మీద మళ్ళీ పచ్చి కుట్లు వేసి ఇవ్వండి. దాచేటప్పుడు ఫ్యాన్‌ని మడతల వెంబడే మూసి గుడ్డ పీలికతో వదులుగా కట్టి, నూలుగుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, కలరా ఉండలు జరీకి నేరుగా తగలనివ్వద్దు, నల్లబడుతుంది. తొడల మధ్య పెట్టిన ముక్క కుట్లు ప్రతి ప్రోగ్రాం తర్వాత ఒకసారి వేలితో లాగి చూడండి, ముందు వదులయ్యేది అవే, ఆ ఒక్క కుట్టు మళ్ళీ వేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.